తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు...

ఉద్యోగానికి ఢోకా లేదు. ఉన్న ఊరికీ, కూర్చున్న కుర్చీకీ హామీ లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మీదుగా మన స్థానిక పాలన సిబ్బంది కథ ఇది.

ఉదయం ఆరూ నలభై. మదనపల్లె ఆర్టీసీ బస్టాండులో రాయచోటి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ముందు నుంచి మూడో వరుసలో కిటికీ పక్కన ఒకామె. ఒళ్లో టిఫిన్ క్యారియర్, దాని మీద చేతిసంచి. రోజూ చూసే ముఖమే కాబట్టి కండక్టరు ఎక్కడికని అడగడు. "ఏం మేడం, ఇంకా ట్రాన్స్‌ఫర్ కాలేదా?" అని మాత్రం అడుగుతాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. అది అసలు ట్రాన్స్‌ఫరే కాదని, అందుకే ఎటూ తెగడం లేదని ఆయనకు ఎలా చెప్పాలి?

గుర్రంకొండ కోట కనబడేసరికి ఒక కునుకు పూర్తవుతుంది. రాయచోటిలో దిగి, ఆటో పట్టుకుని, సీట్లో కూర్చునేసరికి సగం ఓపిక రోడ్డు మీదే అయిపోతుంది. సాయంత్రం మళ్లీ అదే రోడ్డు. ఇల్లు చేరేసరికి కొడుకు హోంవర్కు ముగించి, అన్నం తిని, నిద్రకు సిద్ధమవుతుంటాడు.

2022 ఏప్రిల్‌లో ఆమె చేతికి వచ్చిన కాగితంలో రెండే ముఖ్యమైన సంగతులు. ఒకటి, ఫలానా కార్యాలయంలో పని చేయాలి. రెండు, 'తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు'. నాలుగైదు నెలల ముచ్చటే కదా అనుకుంది. అప్పుడు ఆరో తరగతిలో చేరబోతున్న కొడుకు 2025లో తొమ్మిదికి వచ్చాడు.

ఆమెకు ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఆమె ఒక్క మనిషి కాదు, ఇలాంటి చాలామంది దినచర్యను కలిపి గీసిన బొమ్మ. ఆ కాగితం మాత్రం నిజం. అలాంటి కాగితాలు మన తాలూకాఫీసుల్లో, మండల పరిషత్తుల్లో, పురపాలక సంఘాల్లో, సచివాలయాల్లో బీరువాల నిండా ఉన్నాయి.

2025 డిసెంబరు ఆఖరులో కథ మరో మలుపు తిరిగింది. అన్నమయ్య జిల్లా కేంద్రాన్ని రాయచోటి నుంచి మదనపల్లెకు మార్చాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. మదనపల్లెలో సంబరాలు, రాయచోటిలో నిరసనలు. ఆ హోరులో చిన్నగా వినబడిన ప్రశ్న ఒకటుంది: మరి ఉద్యోగులు? ఇక్కడి నుంచి అక్కడికి తిరిగినవాళ్లు ఊపిరి పీల్చుకుంటే, అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు ఇటు బస్సు ఎక్కాలి. బస్సు అదే, రోడ్డు అదే, గుర్రంకొండ కోటా అదే. మారింది దిక్కు మాత్రమే.

గీత మారింది, చిట్టా మారలేదు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి మదనపల్లె కొత్తగా పుట్టిన అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. కలెక్టరేట్లకు భవనాలు వెతికారు, బోర్డులు రాయించారు, కుర్చీలు వేయించారు. ఆ కుర్చీల్లో కూర్చోబెట్టడానికి పాత జిల్లాల సిబ్బందినే పంచారు. ఆ పంపకానికి పెట్టిన పేరు 'ఆర్డర్ టు సర్వ్'. అంటే బదిలీ కాదు, డిప్యుటేషన్ కాదు, కొత్త నియామకం అంతకన్నా కాదు. 'ప్రస్తుతానికి అక్కడ పని చేయండి' అని.

చిక్కంతా ఆ 'ప్రస్తుతానికి' దగ్గరే ఉంది. జిల్లాల గీతలు రాష్ట్ర ప్రభుత్వం మార్చగలదు. ఉద్యోగుల స్థానిక కేడరు మాత్రం రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులతో ముడిపడి ఉంది. జిల్లాలు పెరిగినా సీనియారిటీ జాబితాలు పాత ఉమ్మడి జిల్లా లెక్కనే సాగాయి. జీతం బిల్లు ఒక జిల్లాలో, పదోన్నతి వరస మరో జిల్లాలో.

స్థానిక సంస్థల సంగతి ఇంకా విచిత్రం. జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు విడిపోలేదు. కలెక్టరు కొత్త జిల్లాలో కూర్చుంటే, జిల్లా పరిషత్తు మాత్రం పాత చిత్తూరుదే. మదనపల్లె మండల పరిషత్తు ఉద్యోగి సమీక్షకు ఒక ఊరు, సర్వీసు వ్యవహారానికి మరో ఊరు తిరిగాడు. పెళ్లై అత్తారింటికి వెళ్లిన పిల్ల రేషన్ కార్డు పుట్టింట్లోనే ఉండిపోయినట్టు.

ఈ దారిలో తెలంగాణ ముందే నడిచింది. 2016 అక్టోబరు 11న అక్కడ 10 జిల్లాలు 31 అయినప్పుడు ఉద్యోగులను ఇలాగే 'ఆర్డర్ టు సర్వ్' మీద పంపారు. శాశ్వత కేటాయింపునకు 317వ జీఓ వచ్చేసరికి 2021 డిసెంబరు అయింది. అయిదేళ్లు! అది వచ్చాకైనా సుఖపడ్డారా అంటే అదీ లేదు. భార్య ఒక జిల్లాకు, భర్త మరో జిల్లాకు వెళ్లాల్సి వచ్చిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు నెలల తరబడి రోడ్డెక్కారు. తాత్కాలికాన్ని ఎంతకాలం సాగదీస్తే, శాశ్వతం అంత బాధగా వస్తుందని ఆ అనుభవం చెప్పింది.

■ ఆఫీసు భాషలో అయిదు మాటలు

డిప్యుటేషన్: సొంత శాఖలో పోస్టు అలాగే ఉంచుకుని మరో సంస్థలో పని చేయడం. మామూలుగా మూడేళ్లు, పొడిగిస్తే అయిదేళ్లు అన్నది పద్ధతి.

లీన్: సొంత పోస్టు మీద ఉద్యోగికి మిగిలి ఉండే హక్కు. ఎక్కడ తిరిగినా చివరికి ఇల్లు ఇదే అని చెప్పే తాళంచెవి.

ఎఫ్‌ఏసీ: పూర్తి అదనపు బాధ్యత. ఒకే మనిషి, రెండు కుర్చీలు. దీనికిచ్చే భత్యం కొద్ది నెలలకే పరిమితం. పని మాత్రం ఎన్నాళ్లయినా సాగుతుంది.

సరెండర్: 'ఈ ఉద్యోగి మాకు వద్దు' అని పైఅధికారి వెనక్కి అప్పగించడం. శిక్షల జాబితాలో ఈ మాట ఉండదు. అయినా పడినవాడికి శిక్షే.

లూప్‌లైన్: ఏ జీఓలోనూ కనబడని, అందరికీ తెలిసిన మాట. పెద్దగా పని, ప్రాధాన్యం లేని పోస్టు. రైల్వే నుంచి వచ్చింది.

కుప్పం: ఊరు ఎదిగింది, సిబ్బంది అరువు

కుప్పం రైల్వేస్టేషన్‌లో పొద్దున్నే నిలబడితే మూడు భాషలు వినబడతాయి. బెంగళూరు వైపు వెళ్లేవాళ్లు, తమిళనాడు వైపు నుంచి వచ్చేవాళ్లు, మధ్యలో చేతిలో ఫైలు పట్టుకుని దిగే ఉద్యోగులు. జిల్లా కేంద్రం చిత్తూరుకు రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైనే. రాష్ట్రం కొసన ఉన్న ఈ ఊరికి పోస్టింగ్ అంటే ఒకప్పుడు ముఖం చిట్లించేవాళ్లు. 1989 నుంచి చంద్రబాబునాయుడు ప్రాతినిధ్యం వహిస్తున్న నియోజకవర్గం కావడంతో ఇక్కడ పని చేయడానికి మరో విలువ కూడా వచ్చింది. ఏ ప్రభుత్వం ఉందనే దాన్ని బట్టి ఆ విలువ పెరుగుతుంది, తరుగుతుంది.

కుప్పం మేజర్ పంచాయతీ నుంచి పురపాలక సంఘంగా మారింది. 25 వార్డులకు తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. పేరు మార్చడానికి ఒక జీఓ చాలు. పంచాయతీలో ఒక కార్యదర్శి, కొందరు బిల్లు కలెక్టర్లు నెట్టుకొచ్చిన పనికి పురపాలికలో కమిషనర్, రెవెన్యూ, ఇంజినీరింగ్, పారిశుధ్యం, పట్టణ ప్రణాళిక విభాగాలు కావాలి. ఎక్కడ ఏ పంచాయతీ పురపాలికగా మారినా ఇదే వరస. మంజూరైన పోస్టులు కాగితం మీద ముందు వస్తాయి, మనుషులు తరువాత వస్తారు. ఈ లోపు పక్క ఊళ్ల నుంచి అరువు. పంచాయతీరాజ్ శాఖ మనిషి పురపాలక శాఖ కుర్చీలో కూర్చుంటే అతడి సర్వీసు ఎవరిది, సీనియారిటీ ఎక్కడ అన్న ప్రశ్నలు పుడతాయి.

2024లో కుప్పం ప్రాంత అభివృద్ధి సంస్థ, వాడుకలో 'కడా', మొదలైంది. ఒక ప్రాంతానికి ప్రత్యేకంగా పెట్టే ఇలాంటి సంస్థలకు పుట్టుకతో సొంత సిబ్బంది ఉండరు. వేర్వేరు శాఖల నుంచి తెచ్చుకోవాలి. పని చురుగ్గా సాగడానికి అది మంచి మార్గమే. తెచ్చిన మనిషి వెనకాల అతడి పాత ఊళ్లో ఖాళీ అయిన కుర్చీని ఎవరు చూస్తారన్నదే తేలదు. అక్కడ మరొకరికి ఎఫ్‌ఏసీ ఇస్తారు. ఆ మరొకరి సీటుకు ఇంకొకరు. ఒక్క డిప్యుటేషన్ వెనక ఇలా ఇద్దరు ముగ్గురు కదులుతారు.

పుంగనూరు: ఒక మనిషి, ఇద్దరు యజమానులు

పుంగనూరు పేరు చెబితే పొట్టి ఆవు గుర్తుకొస్తుంది. ఆ ఆవుకూ డిప్యుటేషన్ తప్పలేదు. పేరు పుంగనూరుదే అయినా దాని జాతిని కాపాడుతున్న పశు పరిశోధన కేంద్రం ఉన్నది పలమనేరులో. పుంగనూరు వార్డు సచివాలయం మెట్ల మీద ఈ మాట అంటే సిబ్బంది నవ్వుతారు. నవ్వి, తమ సంగతి చెబుతారు.

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 1.26 లక్షలకు పైగా పోస్టులకు ఆ సెప్టెంబరులో పరీక్షలు జరిగాయి. బీటెక్‌లు, పీజీలు చేసినవాళ్లు, ప్రైవేటు ఉద్యోగాలు మానుకున్నవాళ్లు వచ్చి చేరారు. నెలకు 15 వేలు. రెండేళ్లలో పర్మినెంట్ అన్నారు. ఆ రెండేళ్లు సాగి సాగి 2022 జూన్‌ దాకా వచ్చాయి. జులై నుంచి పేస్కేలు వర్తించింది.

ఉద్యోగం ఖాయమైంది. 'మీది ఏ శాఖ?' అన్న ప్రశ్న మాత్రం తేలలేదు. వార్డు ప్రణాళిక కార్యదర్శికి సాంకేతికంగా పట్టణ ప్రణాళిక విభాగం పెద్ద. హాజరు, సర్వేలు, రోజువారీ పురమాయింపులకు సచివాలయాల శాఖ పెద్ద. పై నుంచి కమిషనర్. మహిళా పోలీసుల పరిస్థితి అన్నిటికన్నా ఇరకాటం. పేరులో పోలీసు ఉంది, పరీక్ష రాసింది సచివాలయ ఉద్యోగానికి. హోం శాఖ మనుషులా, మహిళా శిశు సంక్షేమ శాఖ మనుషులా అన్న వివాదం హైకోర్టు మెట్లెక్కింది. ఖాకీ వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఒక దశలో వ్యాజ్యమే.

ఒకటో తేదీ తెల్లవారుజామున పింఛన్ల డబ్బు పట్టుకుని ఇంటింటికీ తిరిగే పని 2024 జులై నుంచి వీళ్ల మీదికి వచ్చింది. అంతకుముందు ఆ పని చేసిన వలంటీర్లు 2019 ఆగస్టు 15న నెలకు 5 వేల గౌరవ వేతనం మీద చేరినవాళ్లు. ప్రభుత్వం మారాక వాళ్ల వ్యవస్థ ఆగిపోయింది. ఒకే గడపలో పనిచేసినా ఒకరికి రాజ్యాంగ రక్షణ ఉంది, ఇంకొకరికి ఉద్యోగమన్న పేరు కూడా లేదు. ఆ గడప బయట తెల్లారకముందే వీధి ఊడ్చే మనిషి ఔట్‌సోర్సింగ్. అతడి జీతం 2020 జులైలో మొదలైన ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా వస్తుంది. పర్మినెంట్ కోసం పురపాలక కార్మికులు 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రవ్యాప్తంగా సమ్మె చేశారు.

■ సచివాలయం లెక్క

మొత్తం సచివాలయాలు 15,004. గ్రామాల్లో 11,162, పట్టణ వార్డుల్లో 3,842.

2025లో హేతుబద్ధీకరణ పేరిట వీటిని జనాభాను బట్టి మూడు రకాలు చేశారు. 2,500 లోపు జనాభా ఉంటే ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, ఆ పైన ఎనిమిది మంది సిబ్బంది. లెక్కకు మించి మిగిలినవాళ్లను ఇతర శాఖల్లో సర్దాలన్నది ఆలోచన. 'మిగులు' అనే మాట ఉద్యోగి చెవికి ఎలా వినబడుతుందో లెక్కలు వేసేవాళ్లకు తెలియదు.

శిక్షా అదే, సిఫారసూ అదే

ఇంతవరకు చదివితే ఉద్యోగులంతా బాధితులే అనిపిస్తుంది. అది సగం నిజం. 'తదుపరి ఉత్తర్వులు' అనే మాటకు రెండు ముఖాలు.

మాట వినని మనిషిని దూరం పంపాలంటే అదే కాగితం. ఛార్జిషీటు ఇవ్వనక్కర్లేదు, విచారణ జరపనక్కర్లేదు, జీతం ఆపనక్కర్లేదు. బిల్డింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టనన్న పట్టణ ప్రణాళిక ఉద్యోగిని 'పరిపాలనా సౌలభ్యం కోసం' మరో పురపాలికకు తాత్కాలికంగా కేటాయిస్తే, అది శిక్ష అని నిరూపించడం కష్టం.

కావలసిన మనిషిని దగ్గర పెట్టుకోవాలన్నా అదే కాగితం. మదనపల్లెలో వేసవిలోనూ గాలి చల్లగా ఉంటుంది. బళ్లు, కాలేజీలు ఉన్నాయి, బెంగళూరు దగ్గర. ఇక్కడే ఉండిపోవాలని ఎవరికి ఉండదు? మారుమూల మండలంలో పోస్టు, పట్టణంలో డిప్యుటేషన్. జీతం అక్కడ పడుతుంది, మనిషి ఇక్కడ ఉంటాడు. ఆ మారుమూల ఊళ్లో మాత్రం పోస్టు నిండినట్టే లెక్క. ఖాళీ లేదు కాబట్టి కొత్త మనిషి రాడు, ఉన్న మనిషి కనబడడు.

2025 మే, జూన్ బదిలీల్లో ఒకేచోట అయిదేళ్లు నిండినవారు తప్పనిసరిగా కదలాలని ప్రభుత్వం షరతు పెట్టింది. ఒకే సీటుకు అతుక్కుపోవడం మంచిది కాదన్నది దాని సారం. సీటుకు అతుక్కున్నవాళ్లకు గడువు పెట్టిన వ్యవస్థే, సీటుకు దూరంగా ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లకు గడువు పెట్టడం మరిచిపోతుంది. ఈ బాధ మనకే ప్రత్యేకం కాదు. జపాన్ కంపెనీల్లో పని లేకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టిన ఉద్యోగులకు ఏకంగా 'కిటికీ తెగ' అనే పేరే పడింది. హర్యానాలో అశోక్ ఖేమ్కా అనే ఐఏఎస్ అధికారి 50కి పైగా బదిలీలు చూసి 2025 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశారు.

మన రాష్ట్రంలో ఐపీఎస్ అధికారి ఏబీ వెంకటేశ్వరరావు ఉదంతం అందరికీ తెలిసిందే. 2020 ఫిబ్రవరిలో సస్పెన్షన్. 2022లో సుప్రీంకోర్టు జోక్యంతో తిరిగి కొలువు. కొద్ది రోజులకే మళ్లీ సస్పెన్షన్. 2024 మేలో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) దాన్ని కొట్టేసింది. మే 31న ప్రింటింగ్, స్టేషనరీ కమిషనర్‌గా బాధ్యతలు తీసుకుని, ఆ సాయంత్రమే పదవీ విరమణ చేశారు. డీజీ స్థాయి అధికారి కోర్టుల చుట్టూ నాలుగేళ్లు తిరిగితే చివరికి దక్కింది ఒక్క రోజు. పురపాలిక జూనియర్ అసిస్టెంట్‌కు లాయరు ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది?

■ కోర్టులు గీసిన గీతలు

1986, వరదారావు కేసు: బదిలీ ఉద్యోగంలో భాగం. ఒకేచోట ఉంచమని అడిగే హక్కు లేదు.

2000, కునాల్ నందా కేసు: డిప్యుటేషన్‌పై వచ్చినవారికి అక్కడే విలీనం చేయమనే హక్కు లేదు. ఎప్పుడైనా వెనక్కి పంపవచ్చు.

2006, ఉమాదేవి కేసు: ఏళ్ల తరబడి పని చేశారన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంట్ అయిపోదు.

2008, సోమేశ్ తివారీ కేసు: శిక్షకు బదులుగా చేసే బదిలీ చెల్లదు.

2013, టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసు: ఉన్నతాధికారులకు కనీస పదవీకాలం ఉండాలి. నోటిమాట ఆదేశాలను కాగితం మీద పెట్టాలి.

2015, అజయ్ కుమార్ చౌదరి కేసు: అభియోగ పత్రం ఇవ్వకుండా సస్పెన్షన్ మూడు నెలలు దాటి సాగకూడదు.

2024, జగ్గో కేసు: ఏళ్ల తరబడి నిత్యావసర పని చేయించుకుని, 'తాత్కాలికం' అనే ముసుగులో హక్కులు ఎగ్గొట్టడం తగదు.

పోస్టే మాయమైతే?

రాజ్యాంగంలోని 311వ అధికరణం విచారణ లేకుండా ఉద్యోగిని తీసేయకుండా కాపాడుతుంది. పోస్టునే రద్దు చేస్తే? తెలుగునాట దానికి జవాబు 1984 జనవరిలో వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పోస్టులను ఎత్తేసింది. తరతరాలుగా ఊరి లెక్క తమ చంకలో పెట్టుకున్న కుటుంబాలు కొన్ని ఒక్క రోజులో మామూలు మనుషులయ్యాయి. వాళ్ల పెత్తనంతో విసిగిన ఊళ్లు హాయిగా నిట్టూర్చాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోస్టు పెట్టే అధికారం ఉన్నవాడికి తీసేసే అధికారమూ ఉంటుందని 1985లో తీర్పు వచ్చింది. అంతకుముందే తమిళనాడులో ఇలాంటి రద్దును కోర్టు సమర్థించింది.

కరణం పోయినా కరణీకం పోలేదు. గ్రామ పరిపాలనాధికారి వచ్చాడు, పంచాయతీ కార్యదర్శి వచ్చాడు, వీఆర్ఓ వచ్చాడు. తెలంగాణ 2020 సెప్టెంబరులో వీఆర్ఓ పోస్టులను రద్దు చేసింది. అయిదు వేల మందికి పైగా ఉద్యోగులు దాదాపు రెండేళ్లు జీతం తీసుకుంటూ, తాము ఎవరో తెలియకుండా గడిపారు. 2022 ఆగస్టులో లాటరీ తీసి వేర్వేరు శాఖలకు పంచారు. భూమి కొలతలు తెలిసిన మనిషి చీటీ రాతను బట్టి సంబంధం లేని శాఖలో తేలాడు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులనే పేరుతో అక్కడి ప్రభుత్వం మళ్లీ ఊళ్లలో మనుషులను పెట్టింది. పాత వీఆర్ఓలు, వీఆర్ఏలలో పరీక్ష నెగ్గినవాళ్లకే ఆ అవకాశం ఇచ్చింది. వద్దనుకున్న అనుభవం అయిదేళ్లకు మళ్లీ అవసరమైంది.

బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

ఇదంతా ఉద్యోగుల గోల, మనకెందుకు అనుకునే పాఠకులు మదనపల్లెకే రావాలి. 2024 జులై 21, ఆదివారం రాత్రి సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. భూముల ఫైళ్లు కాలిపోయాయి. మర్నాడు డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చారు. అధికారులు, సిబ్బందిలో కొందరు సస్పెండయ్యారు. దర్యాప్తు సీఐడీకి వెళ్లింది. ఆ ఘటనకు డిప్యుటేషన్లు కారణమని చెప్పడం లేదు. ఆ తర్వాత జనం అడిగిన ప్రశ్నలు మాత్రం ఈ కథకు సంబంధించినవే. ఏ ఫైలు ఎవరి సీటులో ఉండాలి? ఎవరు ఎవరికి అప్పగించారు? చివరి సంతకం ఎవరిది?

కుర్చీలో కూర్చున్నది సొంత మనిషైతే ఈ ప్రశ్నలకు ఒకే పేరు జవాబు. కూర్చున్నవాడు ఇన్‌ఛార్జి, అసలు వ్యక్తి డిప్యుటేషన్, అంతకుముందున్నాయన సరెండర్ అయితే, జవాబు ముగ్గురి మధ్య చీలిపోతుంది. ఇంటి పన్ను పేరు మార్పు కోసం వచ్చిన ముసలాయనకు "సార్ గురువారం వస్తారు" అంటారు. గురువారం వెళితే "ఈ సీటు నాది కాదు, నేను ఎఫ్‌ఏసీనే" అంటారు. ఈ రెండు వాక్యాల మధ్య ఆయన మూడుసార్లు బస్సు ఎక్కి దిగుతాడు.

లోపం ఇంకా లోతుగా ఉంది. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు 29, పట్టణాలకు 18 అంశాలు అప్పగించవచ్చని జాబితాలు రాశారు. అధికారాలు, నిధులు, సిబ్బంది మూడూ ఇస్తేనే స్థానిక స్వపరిపాలన. సిబ్బంది మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉండిపోయారు. సర్పంచ్‌కు కార్యదర్శిని ఎంచుకునే హక్కు లేదు, పురపాలిక ఛైర్మన్‌కు కమిషనర్‌ను ఉంచుకునే హక్కు లేదు. ఇంట్లో వంట చేసేది మనమే, పొయ్యి మాత్రం పక్కింటివాళ్లది. వాళ్లకు అవసరమైనప్పుడు వచ్చి పట్టుకుపోతారు.

మదనపల్లె సీమ 1800లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చినప్పుడు, దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో 1807 దాకా ఏడేళ్లు ఇదే నేల మీద తిరిగాడు. ఊరూరా పొలాలు కొలిపించాడు. పన్నులు వసూలు చేయడానికి వచ్చిన పరాయివాడే అయినా, ఒకేచోట ఏడేళ్లు ఉన్నందుకు అతడి పేరు ఈ సీమలో మిగిలింది. ఊరు తెలియడానికి కాలం పడుతుంది. ఆ కాలాన్ని ఉద్యోగికి ఇవ్వకపోతే నష్టం ఊరిదే.

చివరి రోజు లెక్క

ఈ కథలో అసలు బాధ పదవీ విరమణ ఏడాదిలో బయటపడుతుంది. ప్రతి ఉద్యోగికీ ఒక సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది. చేరిన రోజు వేలిముద్రలు, పుట్టుమచ్చలు మొదలుకుని ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలన్నీ అందులో రాయాలి. నాలుగు చోట్ల తిరిగిన మనిషి రిజిస్టరులో నాలుగు రకాల చేతిరాతలుంటాయి. కొన్ని చోట్ల ఏ రాతా ఉండదు. ఆర్డర్ టు సర్వ్ కాలాన్ని రాయాల్సింది సొంత కార్యాలయమా, పని చేసిన కార్యాలయమా అన్న సందేహంలో ఆ పేజీ ఖాళీగా ఉండిపోతుంది.

పరాయి సంస్థలో డిప్యుటేషన్ చేస్తే ఆ సంస్థ పింఛను వాటా, సెలవు జీతం వాటా ప్రభుత్వానికి కట్టాలి. కట్టకపోతే బాకీ కాగితం వెతుక్కోవాల్సింది రిటైరైన మనిషే. ముప్పై ఏళ్ల కిందటి కార్యాలయానికి వెళ్లి 'బాకీ లేదు' అనే ధ్రువపత్రం అడిగితే, అక్కడి కుర్రవాడు "మీరెవరు సార్?" అంటాడు. ఆ సంస్థే మూతపడి ఉంటే ఆ మాట అడిగేవాడు కూడా ఉండడు.

అందుకే పాత ఉద్యోగులు కొత్తవాళ్లకు చెప్పే జాగ్రత్త ఒకటుంది. ఎంత చిన్న ఉత్తర్వైనా నకలు ఇంట్లో పెట్టుకో. రిలీవైన కాగితం, చేరిన కాగితం, చివరి జీతపు ధ్రువపత్రం, ఈ మూడూ ఒక కవరులో. నోటిమాటతో ఎక్కడికీ కదలొద్దు.

ఒక్క తేదీ వేయండి

దీనికి పెద్ద సంస్కరణలు, కమిటీలు అక్కర్లేదు. ఐఏఎస్ అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలమని 2014లో కేడర్ నిబంధనలు మార్చగలిగినవాళ్లు, కింది మెట్టు మీద ఉన్న మనిషికి ఒక తేదీ ఇవ్వలేరా? 'తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు' అని రాసే చోట 'ఫలానా తేదీ వరకు' అని రాస్తే చాలు. ఆ తేదీ దాటితే ఉద్యోగి తనంతట తాను సొంత పోస్టుకు వెళ్లిపోవాలి. పొడిగించాలంటే కారణం రాసి కొత్త కాగితం ఇవ్వాలి. కారణం రాయాల్సి వస్తే కక్షా కొంత జంకుతుంది, సిఫారసూ కొంత సిగ్గుపడుతుంది.

మరో చిన్న పని. ప్రతి పురపాలిక, మండల కార్యాలయం గోడ మీద సిబ్బంది పేర్ల పక్కన ఒక గడి అదనంగా పెట్టాలి. ఈయన ఇక్కడి ఉద్యోగా, డిప్యుటేషనా, ఎఫ్‌ఏసీనా? ఎప్పటి నుంచి? ఎప్పటి వరకు? ముసలాయన మూడుసార్లు బస్సెక్కే ముందు అది చదువుకుంటాడు.

మళ్లీ బస్టాండుకు వద్దాం. కార్యాలయాలు మదనపల్లెకు తరలి వచ్చాక, మొదట్లో చూసినామె లాంటివాళ్లకు బస్సు ప్రయాణం తప్పవచ్చు. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో కుర్చీ దొరకవచ్చు. ఇప్పుడు రాయచోటి నుంచి బయల్దేరే బస్సులో, కిటికీ పక్క సీటులో, ఒళ్లో క్యారియర్‌తో ఇంకొకరు కూర్చుంటారు. ఆ చేతిసంచిలోనూ ఒక కాగితం ఉంటుంది. అందులో ఊరి పేరు మారుతుంది, కార్యాలయం పేరు మారుతుంది. చివరి వాక్యం మాత్రం మారదు. ఆ వాక్యం పక్కన ఒక తేదీ ఉంటే, కండక్టరు అడిగే ప్రశ్నకు నవ్వి ఊరుకోకుండా ఒక జవాబు చెప్పవచ్చు.